డెబ్బై అయిదు మిల్లీమీటర్ల గాజు

2024 నవంబరు 24, రవీంద్ర సరోవర్

పొద్దున్న ఆరున్నర. నీళ్ల మీద మంచు ఇంకా విడలేదు. రోయింగ్ క్లబ్బు పడవలు దిగాయి. నడకకొచ్చినవాళ్లు గుంపులుగా గట్టిగా మాట్లాడుకుంటూ పోతున్నారు. 1920లలో ఇంప్రూవ్‌మెంట్ ట్రస్టు తవ్వించిన చెరువు ఇది. దక్షిణ కలకత్తా ఇళ్ల మధ్య ఇన్ని నీళ్లు, ఇన్ని చెట్లు ఉండబట్టే పక్షులు ఇంత జనాన్నీ ఓర్చుకుంటున్నాయి. దీవి చెట్ల మీద నీటికాకులు రెక్కలు ఆరబెట్టుకుంటున్నాయి. వంగిన కొమ్మ మీద స్టార్క్‌బిల్డ్ లకుముకి, ఎర్రటి పెద్ద ముక్కుతో.

నాది చిన్న సెన్సరున్న మైక్రో ఫోర్ థర్డ్స్ బాడీ, 300 ఎఫ్ 4 లెన్సు. స్టాండు లేదు. సెకనులో అరవయ్యో వంతు పెట్టి తీస్తే ముక్కు మీది గీతలు కూడా నిలిచాయి. లెన్సులోని స్టెబిలైజరూ బాడీలోనిదీ కలిసి పనిచేయడం వల్ల దక్కిన ఫొటో అది. పిట్ట కదలనంతసేపే ఆ మేలు. అది తల తిప్పితే చెయ్యి ఎంత నిలకడగా ఉన్నా లాభం లేదు.

పక్కన ఒకాయన 600 ఎఫ్ 4 దించారు. లెన్సే మూడు కిలోలు, ధర పది లక్షల పైమాట. ఆయన ఫొటో వెనక తెరమీద చూపించారు. అద్భుతంగా ఉంది. దాన్ని తక్కువ చేసి మాట్లాడేవాళ్ల మాట నేను వినను.

డిసెంబరు 1

కాకినాడ నుంచి మేనల్లుడి ఫోను. "మామయ్యా, పి1000 కెమెరా సెకండ్ హ్యాండ్‌లో దొరుకుతోంది. 3000 మిల్లీమీటర్లట! కొనెయ్యనా?"

"3000 కాదురా. ఆ లెన్సు అసలు ఫోకల్ లెంగ్త్ 539. సెన్సరు అగ్గిపుల్ల తలంత ఉంటుంది కాబట్టి చుట్టూ ఉన్నదంతా కోసేసి మధ్యముక్క మిగులుస్తుంది. ఫుల్ ఫ్రేమ్ మీద అదే ముక్క రావాలంటే 3000 కావాలి. ఆ లెక్కే పెట్టె మీద రాస్తారు."

"అయితే వద్దంటావా?"

ఆలోచించి చెబుతానన్నాను. వాడు డబ్బులు కూడబెట్టుకుని అడుగుతున్నాడు. నోటికొచ్చింది చెప్పకూడదు.

డిసెంబరు 8, సాంత్రాగాఛీ

హౌరాలో లోకల్ ఎక్కి సాంత్రాగాఛీలో దిగాను. ఇంత పెద్ద రైల్వే జంక్షను పక్కనే, చెరువులో ఇన్ని వేల బాతులు రాత్రీ పగలూ రైళ్ల కూతల మధ్య ఎలా కునుకు తీస్తాయో, ఏటా చూస్తున్నా ఆశ్చర్యమే. ఎక్కువభాగం విజిలింగ్ డక్కులు, గోధుమరంగువి, ఈల వేసినట్టు కూస్తాయి. చలికాలం ముందు గుర్రపుడెక్క తీయిస్తారు, కొంత మాత్రం దిబ్బలుగా వదులుతారు. బాతులు కూర్చునేది ఆ దిబ్బల మీదే. మొత్తం తీసేసినా రావు, మొత్తం వదిలేసినా రావు.

రోడ్డు పక్క కంచె దగ్గరే అందరం నిలబడాలి. దగ్గరకి వెళ్లే వీల్లేదు, వెళ్లకూడదు కూడా. బాతులు వంద మీటర్ల దూరంలో ఉన్నాయి. లెన్సు పొడవు అసలు పరీక్షకి నిలబడేది ఇలాంటి చోటే.

అదే రోజు, రాత్రి

మేనల్లుడి కోసం లెక్క వేశాను. బాతు 40 సెంటీమీటర్లు, దూరం 100 మీటర్లు. నా 300 లెన్సు సెన్సరు మీద వేసే బొమ్మ 1.2 మిల్లీమీటర్లు. ఇదే లెన్సు ఫుల్ ఫ్రేమ్‌కి తగిలించినా బొమ్మ అంతే, వెంట్రుకవాసి కూడా పెరగదు, తరగదు. 24 మెగాపిక్సెల్ ఫుల్ ఫ్రేమ్‌లో ఆ బొమ్మ దాదాపు 200 పిక్సెళ్ల మీద పడుతుంది, నా 20 మెగాపిక్సెళ్ల చిన్న సెన్సరులో 360 మీద. చిన్న సెన్సరు పక్షిని దగ్గరికి లాగుతుందని అందరూ అంటారు. నిజానికి లాగదు. పిక్సెళ్లు సన్నగా ఉండటం వల్ల వచ్చే లాభమే అది.

మరి పి1000? బొమ్మ 2.16 మిల్లీమీటర్లు, పిక్సెళ్లు ఇంకా సన్నం కనుక దాదాపు 1600 మీద పరుచుకుంటుంది. కాగితం మీద నా కెమెరాకి నాలుగు రెట్లు. అయితే పూర్తి జూమ్ దగ్గర లెన్సు ఎఫ్ 8. సన్నని రంధ్రంలోంచి వచ్చే వెలుతురు విచ్చుకుని, చుక్కగా కాక చిన్న వలయంగా పడుతుంది. ఎఫ్ 8 దగ్గర ఆ వలయం వెడల్పు 10.7 మైక్రాన్లు, పి1000లో ఎనిమిది పిక్సెళ్లకి సరిపోతుంది. నా ఎఫ్ 4 దగ్గర 5.4 మైక్రాన్లే. బాతు బొమ్మను వలయాలతో కొలిస్తే నాకు 223, పి1000కి 201.

ఈ రెండు అంకెలూ పక్కపక్కన రాసుకుని చాలాసేపు చూశాను. 300ని 4తో భాగిస్తే 75. 539ని 8తో భాగిస్తే 67. బాతు వివరం ఎంత దక్కేదీ ఆ ముందుగాజు వెడల్పే తేల్చేసింది. సెన్సరు పేరు, పెట్టె మీది 3000, అన్నీ దాని తరువాతే. సరోవర్‌లో చూసిన 600 ఎఫ్ 4కి ఇదే లెక్క వేస్తే గాజు 150 మిల్లీమీటర్లు. నాదానికి వెడల్పు రెట్టింపు, వెలుతురు నాలుగు రెట్లు. ఆ బరువూ ఆ ధరా ఊరికే రాలేదు.

డిసెంబరు 21, మెట్రో గల్లీ

లెన్సు మూత కోసం వెళ్లాను. గల్లీ నిండా సెకండ్ హ్యాండ్ కెమెరాలు. నికాన్ 1 కనబడితే కాస్త ఆగాను. 2011లో వచ్చి 2018 నాటికి ఆగిపోయిన వరస అది. ఒక అంగుళం సెన్సరు, దానికని 2014లో చేసిన 70-300 లెన్సు. అరచేతిలో పట్టేది. ఆ దారి మూసేయడం నాకిప్పటికీ బాధే.

2025 జనవరి 5, తూర్పు కలకత్తా భేడీలు

బైపాస్ దాటితే నగరం మురుగునీరు భేడీల్లోకి, అంటే చేపల చెరువుల్లోకి పారే దేశం మొదలవుతుంది. 12,500 హెక్టార్లు, 2002 నుంచి రామ్‌సర్ స్థలం. ఎండా, నాచూ, చేపలూ కలిసి మురుగును శుభ్రం చేస్తాయని, ఈ పని జాలర్లకు తరతరాలుగా తెలుసని ప్రపంచానికి చెప్పిన మనిషి ధ్రువజ్యోతి ఘోష్. ఆయన 2018లో పోయారు. ఈ నీళ్లే పూడ్చి మేడలు కట్టేస్తే ఈ ఊరు ఎక్కడికి పారుతుందో అని గట్టు మీద నడిచినప్పుడల్లా గుబులుగా ఉంటుంది.

"దాదా, ఏ పిట్ట?" అని బెంగాలీలో అడిగాడు వల విప్పుతున్న కుర్రాడు. నేను తెలుగువాణ్ణని తెలిసి, "అయితే మీ ఆంధ్రా రుయి మాకు పోటీ" అని నవ్వాడు. హౌరా చేపల బజారుకి మన వైపు నుంచి లారీల్లో వచ్చే రోహు సంగతి అది.

తొమ్మిదింటికల్లా నీళ్ల మీద గాలి వేడెక్కి వణకడం మొదలైంది. అవతలి గట్టు మీది కొంగ అంచులు కరిగినట్టయ్యాయి. ఈ వణుకు ముందు ఏ గాజూ నిలబడదు, పైగా పొడవు లెన్సులో ఇంకా ఎక్కువ కనిపిస్తుంది. పొద్దున్న ఏడూ ఎనిమిదిన్నర మధ్య తీసిందే ఫొటో. తరువాత బైనాక్యులర్సే నయం.

జనవరి 18, పార్క్ స్ట్రీట్

ఆసియాటిక్ సొసైటీ ముందునుంచి నడుస్తుంటే ఎడ్వర్డ్ బ్లైత్ గుర్తొచ్చాడు. 1841 నుంచి రెండు దశాబ్దాలు ఇక్కడి మ్యూజియం చూసుకున్నాడు. మన కలివికోడికి 1848లో శాస్త్రనామం ఇచ్చింది అతనే. పక్షిని చూసింది తూర్పు కనుమల వైపు జెర్డన్, వర్ణన అచ్చయింది కలకత్తా నుంచి. 1900 తరువాత ఎవరికీ కనిపించలేదు. 1986 జనవరిలో కడప జిల్లాలో మళ్లీ దొరికింది. జెర్డన్ కాలంలో ఒక పక్షి ఉందని నిరూపించాలంటే తుపాకీ పేల్చాలి. ఇప్పుడు మసగ్గా ఉన్న ఒక్క ఫొటో చాలు. చిన్న కెమెరాల మీద నాకున్న గౌరవంలో సగం దీనికే.

ఫిబ్రవరి 2, నరేంద్రపూర్

కవి నజ్రుల్ స్టేషన్‌లో దిగి ఆటో. చింతామణి కర్ పక్షి అభయారణ్యం, ఊళ్లోవాళ్లకి కయాల్ బాగాన్. పాత మామిడితోట. దీన్ని కాపాడటానికి పోరినవారిలో ముందున్న శిల్పి ఆయనే, 1948 లండన్ ఒలింపిక్స్ కళాపోటీల్లో వెండి పతకం తెచ్చుకున్నవాడు. 2005లో పోయాక తోటకి ఆయన పేరు పెట్టారు.

లోపల పట్టపగలే మునిమాపు. ఎండుటాకుల మీద పచ్చపావురం నడుస్తోంది. ఐఎస్ఓ 3200 పెట్టినా షట్టరు వందో వంతు దాటదు. నా సెన్సరు వైశాల్యం 225 చదరపు మిల్లీమీటర్లు, ఫుల్ ఫ్రేమ్‌ది 864. ఇక్కడ ఆ తేడా కంటికి కొడుతుంది. రెక్క మీది ఆకుపచ్చ మెరుపు గరకుగా, పొడిపొడిగా వచ్చింది. ఇంటికొచ్చాక కంప్యూటర్లో గరకు తీసే సాఫ్ట్‌వేర్ చాలావరకు సరిచేసింది కానీ, లేని ఈకల గీతలు దించుతుందేమోనని దాన్ని కొంచెమే వాడతాను. ఫుల్ ఫ్రేమ్‌లో ముప్పైవంతు సెన్సరున్న పి1000 ఇక్కడికి పనికిరాదు. మేనల్లుడికి ఈ మాట తప్పక చెప్పాలి.

ఒకతను ఫోనులో కూత వినిపించి పిట్టని రప్పించబోయాడు. కాపలాదారు వచ్చి ఆపించాడు. మంచి పని చేశాడు. తన హద్దులోకి ఇంకొకటి వచ్చిందని భయపడి గూటి పని మానుకుని వస్తుంది పిట్ట. అలా వచ్చిన పిట్ట ఫొటో నాకు అక్కర్లేదు.

ఫిబ్రవరి 16

గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్. మేడ మీద నుంచి లెక్క. దూరపు నీళ్లట్యాంకు మీద డేగ ఒకటి. ఫొటో పెద్దది చేసి రెక్కల అంచులు చూశాకే పేరు రాశాను.

మార్చి 9, సరోవర్

ప్రో క్యాప్చర్‌తో లకుముకి మునక. బటన్ సగం నొక్కి ఉంచితే కెమెరా లోపల ఫ్రేములు తిరుగుతూ ఉంటాయి, పూర్తిగా నొక్కగానే అంతకుముందు గడిచిన క్షణం కూడా కార్డులోకి వస్తుంది. 2016లో ఒలింపస్ ఈఎం1 మార్క్ టూతో వచ్చిన వసతి ఇది. పిట్ట కొమ్మ వదిలాక మన వేలు కదిలేసరికి అది నీళ్లలో ఉంటుంది. సెన్సరు చిన్నదైతే చదవాల్సిన మేర తక్కువ కనుక ఇలాంటి వేగం ముందుగా ఈ కెమెరాల్లోకి వచ్చింది. ఈ రోజు కొమ్మ వదిలిన మొదటి ఫ్రేము దొరికింది, కాళ్లు ఇంకా బెరడుకి తాకుతూనే ఉన్నాయి.

ఏప్రిల్ 6, బొటానికల్ గార్డెన్

శిబ్‌పూర్. 1787 నాటి తోట. మన సామర్లకోటలో మొక్కలు పెంచి చూసిన రాక్స్‌బర్గ్ 1793లో దీని బాధ్యతకు వచ్చాడు. ఇక్కడి చిత్రకారుల చేత రెండువేల అయిదువందలకు పైగా మొక్కల బొమ్మలు వేయించాడు. సామర్లకోట మేనల్లుడి ఊరి పక్కదే. ఆ సంగతి చెబుదామని ఫోను చేస్తే వాడికి కావలసింది కెమెరా కబురు.

"కొనుక్కో" అన్నాను.

"వద్దంటావనుకున్నా మామయ్యా."

కోరంగి వైపు బురదమేటల మీద ఉల్లంకి పిట్టలు దూరంగా, ఆరుబయట, మంచి వెలుతురులో నడుస్తాయి. 67 మిల్లీమీటర్ల గాజు అంత ధరకి, 1.4 కిలోల బరువుకి వాడికి ఇంకెక్కడా దొరకదు. ఎగిరే పిట్టల మీద ఆశ పెట్టుకోవద్దని, ఫోకస్ నెమ్మదని చెప్పాను. మడ అడవి లోపలి చీకట్లో తియ్యకు, గాలి వణికే వేళ తియ్యకు, తెల్లారగట్లే వెళ్లు. కొనేముందు జూమ్ చివరిదాకా లాగి ఎదురింటి యాంటెన్నా మీద ఫోకస్ కుదురుతోందో లేదో చూడు. ఒక బ్యాటరీ 250 ఫొటోలకే అయిపోతుంది, రెండోది కూడా తీసుకో. దాని డబ్బులు నేను పంపిస్తానన్నాను.