నిప్పురవ్వ జాడ

హైదరాబాదు నగరమునకు తూర్పు దిక్కున ఉప్పల్, నాచారం అను రెండు ప్రాంతములు ఒకదానికొకటి చేరువగా నున్నవి. ఒకప్పుడివి చెరువులును పొలములును గల పల్లెలు. తరువాతి కాలమున ఇచ్చట పారిశ్రామిక వాడలు వెలసినవి. ఉప్పల్ మార్గమున 1961లో స్థాపింపబడిన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ కలదు. 2017 నవంబరు మాసము నుండి ఉప్పల్ మీదుగా మెట్రో రైలు నడచుచున్నది. ఇన్ని మార్పులు వచ్చినను, నాచారం సందులలో రేకుల కప్పు క్రింద, నూనె మరకల నేలపై, పాత బండ్లను బాగుచేయు షెడ్లు కొన్ని నేటికిని నిలిచియున్నవి. అట్టి యొక షెడ్డులో ఒక వానకాలమున జరిగిన సంగతి యిది.

ఆ షెడ్డు పెద్దను అందరును ఉస్తాద్ అని పిలుతురు. ఆయన వయస్సు అరువది దాటినది. యౌవనమున ఆయన పని నేర్చినది అంబాసిడర్ టాక్సీల క్రింద పండుకొని. మాటలు తక్కువ. బండి రాగానే ఆయన పానా పట్టుకొనడు. ముందుగా యజమానిని నాలుగు ప్రశ్నలడుగును, పిదప చెవి యొగ్గి ఇంజను చప్పుడు వినును. ఆయన వద్ద పందొమ్మిదేండ్ల కుర్రవాడొకడు పని నేర్చుకొనుచుండెను. ఐ.టి.ఐ. చదువు ముగించినవాడు, చేతి చురుకుదనము గలవాడు, కాని తొందర మనిషి. దసరా నాటికి అతనికి సొంత పనిముట్ల పెట్టె నిచ్చి, కొన్ని బండ్లను పూర్తిగా అతని చేతికే విడిచెదనని ఉస్తాద్ మాట యిచ్చియుండెను. ఆ మాట కుర్రవాని మనస్సులో రాత్రింబవళ్లు మెదలుచుండెను.

ఆషాఢమున వానలు పట్టిన దినములలో నొకనాడు ఒక చిన్న ఎర్రని కారును త్రాడు కట్టి షెడ్డునకు లాగుకొని వచ్చిరి. అది ఎం.జి.బి. అను ఇంగ్లండు దేశపు స్పోర్ట్స్ కారు. ఎం.జి. అనగా మోరిస్ గ్యారేజెస్. ఆక్స్‌ఫర్డ్ నగరమున విలియం మోరిస్ నడపిన వ్యాపారపు పేరు. ఎం.జి.బి. కార్లు 1962 మొదలు 1980 వరకు అబింగ్డన్ పట్టణమున ఐదు లక్షలకు పైగా తయారైనవి. ఇద్దరు కూర్చుండు చోటు, వెనుకకు మడువదగిన గుడ్డ కప్పు, నేలను తాకుచున్నదా యనిపించు ఎత్తు గల ఆ బండిని కుర్రవాడు వింతగా చూచెను. ఉస్తాద్ మాత్రము బానెట్టు ఎత్తి చిరునవ్వు నవ్వెను.

“భయపడకు. ఇది మన అంబాసిడర్‌కు దాయాది” అనెను.

ఆ మాట నిజమే. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నమూనాను అనుసరించి తయారైన అంబాసిడర్ కారులో చిరకాలము 1489 ఘన సెంటీమీటర్ల ఇంజను వాడబడినది. ఎం.జి.బి.లోని 1798 ఘన సెంటీమీటర్ల ఇంజను కూడ ఆ వంశమునకు చెందినదే. హైదరాబాదు టాక్సీల క్రింద నేర్చిన విద్య సముద్రము దాటి వచ్చిన బండికిని పనికివచ్చుట ఇందువలననే.

బండి యజమాని ఉద్యోగము నుండి విశ్రాంతి పొందిన పెద్దమనిషి. ఆ కారు ఆయనకు గతించిన అన్నగారి నుండి సంక్రమించినది.

“ఎండ ఉన్నప్పుడు బాగానే పరుగెత్తుతుంది ఉస్తాద్. చినుకు పడితే చాలు, మిస్సింగు మొదలవుతుంది. నిన్న ఉప్పల్ చౌరస్తాలో నడిరోడ్డు మీద ఆగిపోయింది. వానలో నిలబడి బండి తోయించుకొనే వయస్సు కాదు నాది. ఈసారి బాగుపడకపోతే అమ్మివేస్తాను” అని ఆయన చెప్పెను. ఆ చివరి మాట పలుకునపుడు ఆయన చేయి కారు తలుపుపై నుండెను.

ఉస్తాద్ ఆ దినమే బంధువుల ఇంట శుభకార్యమునకు పోవలసియుండెను. “ముందు చూడు. చూచిన తరువాతనే విప్పు” అని కుర్రవానికి చెప్పి బయలుదేరెను.

ఆ తరువాత జరిగినది తెలియవలెనన్న, ఇంజనులో నిప్పురవ్వ పుట్టు తీరు తెలియవలెను. పెట్రోలు గాలితో కలిసి సిలిండరులోనికి చేరును. పిస్టను ఆ మిశ్రమమును అదిమిన సమయమున ప్లగ్గు మొనవద్ద నిప్పురవ్వ పుట్టవలెను. బ్యాటరీ యిచ్చునది 12 వోల్టులు మాత్రమే. ప్లగ్గు మొనల నడిమి సందును దాటి రవ్వ దూకుటకు వేలకొలది వోల్టులు కావలెను. ఈ పనిని నెరవేర్చునది కాయిలు. దానిలో ఇనుము చుట్టును లావు తీగ కొన్ని వందల చుట్లును, సన్న తీగ అనేక వేల చుట్లును ఉండును. లావు తీగలో ప్రవహించు కరెంటు హఠాత్తుగా ఆగినపుడు సన్న తీగలో మిక్కిలి హెచ్చు వోల్టేజి పుట్టును. ఈ విద్యుత్ ప్రేరణ ధర్మమును 1831లో మైకేల్ ఫారడే కనుగొనెను.

కరెంటును విడుచుచు, ఆపుచు నుండునవి పాయింట్లు; అనగా డిస్ట్రిబ్యూటరు లోపల మూసికొనుచు తెరుచుకొనుచు నుండు రెండు చిన్న లోహపు మొనలు. పూర్తిగా తెరచుకొన్నపుడు వాటి నడుమ నుండవలసిన సందు సుమారు 0.4 మిల్లీమీటరు. తెరచుకొను క్షణమున ఆ మొనల వద్ద వృథాగా రవ్వలు రేగకుండ కండెన్సరు అడ్డుపడును. కాయిలులో పుట్టిన హెచ్చు వోల్టేజి డిస్ట్రిబ్యూటరు మూత నడిమి నుండి, లోపల తిరుగుచుండు రోటరునకు చేరును. రోటరు దానిని 1, 3, 4, 2 అను వరుసలో నాలుగు ప్లగ్గులకు పంచిపెట్టును. పంచిపెట్టునది గనుకనే దానికి డిస్ట్రిబ్యూటరు అని పేరు. ఇంజను నిమిషమునకు 3000 మారులు తిరుగునపుడు ఈ పంపకము సెకనుకు 100 మారులు జరుగును. ఇందులో ఏ యొక్కటి తప్పినను బండి దగ్గును, లేదా ఆగును.

కుర్రవాడు చూచుటకు కూర్చుండలేదు. ఉస్తాద్ తిరిగి వచ్చునప్పటికి బండి సిద్ధముగా నుండవలెనని అతని ఆశ. మరునాటి ఉదయమే యజమాని పేరు చెప్పి సామానుల దుకాణములో కాయిలు, పాయింట్లు, కండెన్సరు, రోటరు, డిస్ట్రిబ్యూటరు మూత, నాలుగు ప్లగ్గులు తెచ్చెను. అన్నింటిని ఒక్క పూటలో మార్చెను. పాతవాటిని మూలనున్న చెత్త డబ్బాలో పడవేసెను. పిదప గర్వముతో తాళము త్రిప్పెను. ఇంజను గిరగిర తిరిగినది గాని అంటుకొనలేదు. బ్యాటరీ నీరసించువరకు ప్రయత్నించెను. వెలుపల ఎండ కాయుచుండెను. ఎండలో నడచుచుండిన బండి ఇప్పుడు ఎండలోను నడువకున్నది.

మూడవ దినమున ఉస్తాద్ వచ్చెను. కుర్రవాడు తలవంచుకొని తాను చేసినదంతయు వరుసగా చెప్పెను. ఉస్తాద్ కసరలేదు. ఒక స్టూలుపై కూర్చుండి అడిగెను.

“మన దగ్గరకు వచ్చినప్పుడు బండి ఎట్లా ఉంది?”

“వానలో ఆగేది, ఆరిన తరువాత నడిచేది.”

“ఇప్పుడు?”

“ఎప్పుడూ నడవడం లేదు.”

“అయితే ఇప్పుడు దీనికి జబ్బులు రెండు. ఒకటి అది తెచ్చుకున్నది. రెండవది మనం ఇచ్చింది. ముందు మనం ఇచ్చింది తీద్దాం.”

ఉస్తాద్ వద్ద ఒక టెస్టు దీపము కలదు: చిన్న 12 వోల్టుల బల్బు, దానికి రెండు తీగలు, అంతియే. తాళము త్రిప్పించి, ఒక తీగను ఇంజను ఇనుమునకును, రెండవదానిని కాయిలునకు కరెంటు వచ్చు మొనకును తాకించెను. దీపము వెలిగెను. తరువాత డిస్ట్రిబ్యూటరు వైపునున్న మొనకు తాకించెను. పాయింట్లు మూసికొన్నపుడు దీపము ఆరి, తెరచుకొన్నపుడు వెలుగవలెను. కుర్రవాడు బండిని గేరులో నుంచి మెల్లగా ముందుకు త్రోసెను. పాయింట్లు తెరచుకొనినవి, మూసికొనినవి. దీపము మాత్రము ఒక్కమారును వెలుగలేదు. అంతట ఉస్తాద్ కాయిలు నుండి డిస్ట్రిబ్యూటరునకు పోవు సన్నని తీగను ఊడదీసెను. కాయిలు మొనవద్ద దీపము వెలిగెను.

“కాయిలు దాకా దారి బాగుంది. తప్పు డిస్ట్రిబ్యూటరులోనే ఉంది. వెదుకు” అని చెప్పి ఆయన చాయ్ త్రాగుటకు వెడలెను.

కుర్రవాడు మూత తీసి వంగి చూచెను. ఈమారు తొందరపడలేదు. పాయింట్ల స్ప్రింగును నిలుపు చిన్న ఇనుప మేకు కలదు. దానిపై టోపీ ఆకారము గల ప్లాస్టిక్ బిళ్ల యుండును. కరెంటు తీగయు, కండెన్సరు తీగయు ఆ బిళ్ల అంచు క్రింద స్ప్రింగును తాకుచు నుండవలెను; ఇనుప మేకును తాకరాదు. అతడు ఆ రెండు తీగలను బిళ్లకు పైన ఉంచి నట్టు బిగించియుండెను. అందువలన కరెంటు పాయింట్ల దారిని పోక, మేకు ద్వారా తిన్నగా ఇంజను ఇనుములోనికి దిగిపోవుచుండెను. ఆగుటయే లేని కరెంటు వలన రవ్వ యెట్లు పుట్టును? వేలి గోరంత బిళ్ల. తప్పు దానిది కాదు, దానిని బిగించిన చేతిది.

తీగలను సరిగా అమర్చుటకు రెండు నిమిషములు పట్టెను. బండిని త్రోసి చూచెను. దీపము ఆరెను, వెలిగెను, ఆరెను. కుర్రవాని గుండె దడదడ కొట్టుకొనెను. షెడ్డులో మరెవ్వరును లేరు. కొత్త పాయింట్లే చెడ్డవని చెప్పిన నమ్మనివారెవరు? దసరా ఎంతో దూరములో లేదు.

అంతలో ఉస్తాదును, ఆయన వెంట బండి యజమానియు లోనికి వచ్చిరి. యజమాని ఆతురతతో “ఏమిటయ్యా లోపం? దొరికిందా?” అని అడిగెను.

కుర్రవాడు ఒక క్షణము ఊరకుండెను. పిదప, “లోపం నాదే సార్. నేనే తీగలు తప్పుగా బిగించాను. మీ బండికి ఇది మొదట లేదు” అనెను.

ఉస్తాద్ అతనిని మెచ్చుకొనలేదు, మందలింపలేదు. “సెల్ఫు కొట్టు” అనెను. ఇంజను మొదటి తిప్పుననే అందుకొనెను.

“ఇక అది తెచ్చుకున్న జబ్బు. పాత సామాను ఎక్కడ?”

కుర్రవాడు చెత్త డబ్బా వైపు చూపెను. ఉస్తాద్ ముఖమున అప్పుడు మాత్రము కొంచెము కోపము కనబడెను. “పని ముగిసేదాకా పాతవి పారవేయకు. రోగం చెప్పే సాక్షి అదే. కొత్తది కనుక మంచిదే అనుకోకు. కొత్తవాటిలోనూ చెడ్డవి ఉంటాయి.”

పాతవాటిని తీసి తుడిచిరి. ఒక్కొక్కటిగా మరల బండికి బిగించి, ప్రతిమారును ఇంజనును నడపి చూచిరి. పాత కాయిలు బాగుగనే యున్నది. పాత రోటరు బాగుగనే యున్నది. పాయింట్లు, కండెన్సరు, మసి తుడిచిన ప్లగ్గులు అన్నియు పనిచేసినవి. చివరకు పాత మూత మిగిలెను. దానిని బిగించునప్పటికి చీకటి పడెను. ఉస్తాద్ షెడ్డులోని దీపము ఆర్పించి, అందరిని దూరముగా నిలువుమని హెచ్చరించి, నడచుచున్న ఇంజనుపై సన్నని నీటి తుంపర చల్లించెను.

ఇంజను దగ్గెను. ఆ చీకటిలో మూతపై వెంట్రుకవంటి నీలి వెలుగొకటి ప్రాకుచు కనబడెను. మూతలో సన్నని పగులు కలదు. పొడిగా నున్నపుడు దానివలన బాధ లేదు. తడి చేరినపుడు, ప్లగ్గులకు పోవలసిన రవ్వ ఆ పగులు వెంబడి ప్రాకి ఇనుములోనికి జారిపోవుచుండెను. మూత ఊడదీసి దీపపు వెలుగున చూడగా లోపల పెన్సిలు గీతవలె నల్లని చార యుండెను. వానలో బండి ఆగుటకు కారణము అదియే.

బండికి కొత్త మూత ఒక్కటి బిగించిరి. యజమాని చెల్లించినది దాని వెలయు, పనికూలియు మాత్రమే. తక్కిన సామాను దుకాణదారు వాపసు తీసికొనలేదు. ఒకమారు బిగించిన ఎలక్ట్రిక్ సామానును దుకాణములవారు తిరిగి తీసికొనరు.

“నా జీతంలో పట్టుకోండి ఉస్తాద్” అని కుర్రవాడనెను.

“సగం పట్టుకుంటాను. సగం నాది. ఓర్పు నేర్పకముందే నీకు పెట్టె ఆశ చూపించాను” అని ఉస్తాద్ బదులు చెప్పెను.

మరునాడు జోరున వాన కురిసెను. ఆ సాయంకాలము యజమాని ఫోను చేసి, మెట్రో స్తంభముల ప్రక్కగా ఉప్పల్ చౌరస్తా దాటి ఇల్లు చేరితినని చెప్పెను. బండిని అమ్మెడి మాట ఆయన మరల ఎత్తలేదు.

నేటి పెట్రోలు కార్లలో పాయింట్లు లేవు, డిస్ట్రిబ్యూటరును లేదు. సాధారణముగా ఒక్కొక్క ప్లగ్గునకు ఒక్కొక్క కాయిలు ఉండి, రవ్వ పుట్టవలసిన క్షణమును కంప్యూటరు నిర్ణయించుచున్నది. అయినను లోపమును వెదకు పద్ధతి మారలేదు. ముందు చూడవలెను, ఒక్కమారు ఒక్కదానినే మార్చవలెను, తన చేతి తప్పును కూడ లెక్కలోనికి తీసికొనవలెను. ఈ మూడవదియే అన్నింటికంటె కష్టమైనది.

ఆ సంవత్సరము దసరాకు ఉస్తాద్ తన మాట నిలుపుకొనెను. కుర్రవాడు పనిముట్ల పెట్టెను తెరచి చూచెను. పై అరలో టెస్టు దీపమును, దాని ప్రక్క పగిలిన ఆ పాత మూతయు ఉండెను.