గొడ్ల చావిడి పడగొట్టించకు వదినా

వదినా, చేతిలో పని ఉందా? ఒక్క నిమిషం గోడ దగ్గరికి రా. మీ గొడ్ల చావిడి పడగొట్టించడానికి జేసీబీ మాట్లాడారట కదా? దాని చోట రేకుల షెడ్డు వేయిస్తారని పాలు తెచ్చిన పిల్లాడు చెప్పాడు. అడ్వాన్సు ఇంకా ఇవ్వలేదుగా? అయితే ముందు మా చావిట్లోకి వచ్చి చూడు. ఆ తర్వాత మీ ఇష్టం.

గేదెల్ని అమ్మేశాక మాదీ ఖాళీగానే పడి ఉంది కదా. విరిగిన మంచాలు, చిరిగిన పట్టాలు, మందు కొట్టే పాత డబ్బాలు, అన్నీ అందులోకే. ఇప్పుడు సగం సామాన్ల కొట్టు, సగం మీ అన్నయ్యా నేనూ ఇష్టమైన పని చేసుకునే చోటు. కొత్తగా కట్టించింది ఏమీ లేదు. పెద్దవాళ్లు గొడ్డుకి గాలి ఆడాలనీ, కాలి కింద తడి నిలవకూడదనీ చూసి కట్టారు. ధాన్యం బస్తాకీ, మనం కూర్చుని పని చేసుకోవడానికీ కావలసింది అదే కదా!

ముందు మీ దూలాలు చూపించు ఎవరికైనా. అవి తాటి దూలాలు. తాడికి చేవ బయటి వైపు ఉంటుంది, లోపలంతా బెండు. ముదురు చెట్టుని నిలువునా చీల్చి, బెండు చెక్కేసి, ఆ నల్లటి చేవని దూలం చేసేవాళ్లు. ఇప్పుడు అలాంటి చెట్టు దొరకదు, దొరికినా చెక్కే మనిషి దొరకడు. గునపం మొనతో తట్టి చూస్తే తెలిసిపోతుంది. ఖంగుమంటే ఇంకో తరం మోస్తుంది. పాడయ్యేది గోడలో దూరిన కొసల దగ్గరే. అక్కడ చెమ్మ చేరుతుంది, చెద పడుతుంది. మాకు ఒక దూలం కొస అలాగే పోతే కింద గుంజ నిలబెట్టి ఎత్తాం.

పైన బెంగుళూరు పెంకులు. పేరు బెంగుళూరుది గానీ పుట్టిల్లు మంగుళూరు. అక్కడ బాసెల్ మిషన్ వాళ్లు 1865లో మొదటి ఫ్యాక్టరీ పెట్టారు. పెంకు తిరగేసి చూడు, వెనక కంపెనీ పేరు అచ్చు వేసి ఉంటుంది. రోహిణి కార్తెలో రేకుల కింద మధ్యాహ్నం పూట మనిషి నిలవలేడు. పెంకుల కప్పైతే వేడి సందుల్లోంచి పైకి పోతుంది. తొలకరికి ముందే ఒకసారి దింపించి, పగిలినవి ఏరేసి తిరిగి నేయించాం. నేసేటప్పుడే అక్కడక్కడా అద్దం పెంకులు పెట్టించాం. పగలు దీపమే అక్కర్లేదు.

అసలు సంగతి గోడల అడుగున ఉంది వదినా. తెల్లగా పూసిన ఉప్పు చూశావు కదా? చావిడి బాగుచేద్దామనుకున్న వాళ్లు చాలామంది అక్కడే దెబ్బతింటారు. ఏళ్ల తరబడి గొడ్ల మూత్రం ఇంకిన నేల అది. అందులోని నత్రజని మన్నులో సూక్ష్మజీవుల వల్ల నైట్రేటు ఉప్పుగా మారుతుంది. సూరేకారమూ ఆ జాతిదే. ఈస్టిండియా కంపెనీ బీహారు పల్లెల మన్ను నుంచి తీసిన సూరేకారాన్ని ఓడలకెత్తించుకుని పోయింది. తుపాకి మందులో నాలుగింట మూడు వంతులు అదే మరి. మన గోడల్లో ఉన్నది దాని చుట్టమే. నేలలో చెమ్మ ఆ ఉప్పుని కరిగించుకుని గోడలోకి పాకుతుంది. పైన తడి ఆరిపోతే ఉప్పు గట్టిపడుతుంది, గట్టిపడుతూ ఇటుకని పొడిపొడిగా రాలుస్తుంది. దాని మీద సిమెంటు పూత వేయించావనుకో, చెమ్మకి బయటికి దారి ఉండదు, ఇంకా పైకెక్కుతుంది. చివరికి పూతంతా పెచ్చులుగా ఊడి వస్తుంది. ఎవరెన్ని చెప్పినా ఆ గోడకి సిమెంటు తగలనివ్వకు.

మేము నేల అడుగు లోతున తవ్వించాం. ఆ మన్ను పారబోయలేదు, పెరట్లో అరటికీ కూరమళ్లకీ వేశాం. పూర్వం పాటిమన్ను బళ్లతో తోలి చేలకి వేసేవాళ్లు కదా, బలం అలాంటిదే. గుంటలో పెద్ద కంకర పోయించాం. రాళ్ల మధ్య ఖాళీలు ఉంటాయి కాబట్టి చెమ్మ పాకి పైకి రాలేదు. దాని మీద ఇసుక, ఇసుక మీద నాపరాళ్లు. నేల వాలూ, మూత్రం పోయే కాలవా అలాగే ఉంచాం, కడిగితే నీళ్లు వాటంతట అవే పోతాయి. గోడ ఉప్పుని మాత్రం నీళ్లతో కడగకూడదు, కరిగి మళ్లీ లోపలికే పోతుంది. ఎండిన రోజున పొడి బ్రష్‌తో దులపాలి, మళ్లీ పూస్తే మళ్లీ దులపాలి. అది తగ్గాకే గానుగ సున్నం. సున్నం చెమ్మని పట్టి ఉంచదు, ఆరనిస్తుంది. ఓపిక కావలసింది ఇక్కడే.

ఇక సామాన్లంటావా? బస్తాలు నేల మీద వద్దు. కింద చెక్కలు వేసి, గోడకి మూరెడు ఎడంగా పేర్చాలి, వెనక్కి మనిషి పోయి ఊడ్చేటట్టు. వరి విత్తనంలో తేమ 13 శాతం దాటకూడదు, మినుముకైతే 9. అంత ఎండకుండా ఎంత మంచి కొట్లో పెట్టినా పుచ్చిపోతాయి. పురుగుమందు డబ్బాలు తిండిగింజలు పెట్టే చోట వద్దే వద్దు. అవి బయట, తాళం వేసిన పెట్టెలో. తలుపు కిందా కిటికీలకీ సన్న జాలీ కొట్టించు. గింజ కోసం ఎలుక, ఎలుక కోసం పాము. వానల్లో కట్లపాము తిరిగే ఊరు మనది.

మీ చావిడి పక్కన సిమెంటు రేకుల వసారా ఉంది కదా, జేసీబీ పెడితే ఆ రేకులన్నీ తుక్కుతుక్కవుతాయి. నాకు భయం అది. వాటిలో ఆస్‌బెస్టాస్ ఉంటుంది, పగిలితే ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఆస్‌బెస్టాస్ ఫ్యాక్టరీల్లో కార్మికుల ఆరోగ్య రికార్డులు పనిలో చేరిన దగ్గర్నుంచి కనీసం 40 ఏళ్లు భద్రపరచాలని 1995లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ పొడి వల్ల వచ్చే రోగం ఎంత ఆలస్యంగా బయటపడుతుందో చూడు. రంధ్రాలు వేయకుండా, కోయకుండా, తడిపి బోల్టులు విప్పి నిండు రేకులుగా దింపించండి. మనవలు ఆడుకునే దొడ్డి అది.

మీ అన్నయ్య సంగతి చెప్పాలి. మామగారి ఎడ్లబండి విప్పి పెట్టారుగా, నల్లతుమ్మ చెక్క ఎంత గట్టిదో ఇప్పుడు తెలిసింది. చక్రం ఆకులన్నీ పీటలకి కాళ్లయ్యాయి. పూటీల వంపు చూసి మా చిన్నదానికి ఊగే గుర్రం మొదలుపెట్టారు. ఇరుసు మాత్రం ముట్టుకోనివ్వలేదు నేను. మేత వేసే గాడి ఆయన పనిబల్ల, దాని అడుగున చిత్రికలూ ఉలులూ. రంపప్పొట్టు బస్తాల వైపు రాకుండా మధ్యన తడిక కట్టించాం.

కరెంటు మాత్రం ఇంటి మీటరు నుంచే తీసుకోండి. బోరుకిచ్చే ఉచిత కరెంటు నుంచి తీగ లాగితే నేరం. తీగలన్నీ పైపుల్లో పోనియ్, ఎలుకలు కొరికేస్తాయి. ఎర్తూ, కరెంటు లీకైతే వెంటనే ఆపేసే ఆర్‌సీసీబీ స్విచ్చూ తప్పకుండా పెట్టించు.

నా వాటాకి తూర్పు మూల దక్కింది. పొద్దున పదింటికి అద్దం పెంకు వెలుగు సరిగ్గా అక్కడ పడుతుంది. కుట్టే బొంత పరుచుకుని కూర్చుంటే ఇంట్లోలాగా ప్రతిసారీ మడిచి ఎత్తిపెట్టే పని లేదు, కుట్టింది కుట్టినట్టే వదిలేసి వంటకి పోవచ్చు. మీ అత్తగారి నేత చీరలు బీరువాలో మడతల మీద చిరుగుతున్నాయన్నావు కదా, పట్టుకురా, ఇద్దరం కలిసి కుడదాం. మా పెంకులు నేసిన మేస్త్రీ రేపు ఇటొస్తున్నాడు. మీ వైపు పంపిస్తా, దూలం తట్టి చూడనియ్. అంతదాకా ఆ జేసీబీ వాడికి ఏ మాటా చెప్పకు.