కొంగుముడిలో కాశీ చిరునామా

గంగా హారతి ముగిసింది. దశాశ్వమేధ ఘాట్ మెట్ల మీది జనమంతా ఒక్కసారిగా లేచారు. ఆ తోపులాటలోంచి బయటపడి చూస్తే పక్కన అమ్మ లేదు! 70 ఏళ్ల మనిషి. హిందీ ఒక్క ముక్క రాదు. ఆమె ఫోనేమో నా సంచిలో ఉంది.

గంటసేపు వెతికి, ఏడుపొక్కటే తక్కువగా సత్రానికొస్తే... అరుగు మీద తాపీగా కూర్చుని ఉంది. పొద్దున్నే సత్రం చిరునామా మేనేజరుతో హిందీలో రాయించుకుని, ఆ చీటీ కొంగున ముడేసుకుందట. పువ్వులమ్మే ఆవిడకు చూపిస్తే రిక్షా ఎక్కించిందట.

కాశీ అనగానే అందరూ జేబుదొంగల గురించే జాగ్రత్తలు చెబుతారు. తప్పిపోతే ఏం చేయాలో చెప్పరు. గోదౌలియా వైపు సందులన్నీ ఒక్కలాగే ఉంటాయి. విశ్వనాథుడి గుడిలోకి సెల్‌ఫోన్లు తీసుకెళ్లనివ్వరు. కాబట్టి విడిపోతే ఎక్కడ కలుసుకోవాలో ముందే అనుకోండి. దారి తెలియకపోతే గంగ ఒడ్డుకు చేరండి. 80కి పైగా ఉన్న ఘాట్ల పేర్లు గోడల మీద పెద్దక్షరాలతో కనిపిస్తాయి. కేదార్ ఘాట్ ప్రాంతంలోనైతే తెలుగు మాటా వినపడుతుంది.

పడవ బేరం మనిషికా, మొత్తం పడవకా ముందే తేల్చుకోండి. లైఫ్ జాకెట్ అడిగి వేసుకోండి. మణికర్ణిక దగ్గర చితి కట్టెల కోసమంటూ డబ్బడిగేవాళ్లు ఎదురైతే ఓ దణ్ణం పెట్టి కదలండి. ఆపదైతే 112, పర్యాటకుల సాయానికి 1363.

తిరుగు రైల్లో అమ్మను కోప్పడబోయాను. ''నేనెక్కడ తప్పిపోయానురా? నేరుగా సత్రానికే వచ్చాగా. గంటసేపు ఊరంతా తిరిగింది నువ్వే. ఈసారి నీ జేబులోనూ ఓ చీటీ పెట్టుకో'' అంది.