నీళ్లు చిమ్మే ముఖాలు

షికాగో మిలీనియం పార్కుకి వెళ్లినవాళ్లంతా ముందు ‘బీన్’ శిల్పం దగ్గర సెల్ఫీలు దిగుతారు. మేమూ దిగాం. కానీ నన్ను కట్టిపడేసింది మాత్రం ఆ పక్కనే ఉన్న క్రౌన్ ఫౌంటెన్.

ఎదురెదురుగా రెండు గాజు ఇటుకల కట్టడాలు, ఒక్కోటి 50 అడుగుల ఎత్తు. వాటి నిండా వీడియోలో కదిలే ఒక్కో మనిషి ముఖం. స్పెయిన్ శిల్పి జౌమె ప్లెన్సా సృష్టి, 2004లో తెరిచారు. ఆ ముఖాలు రాజులవీ నాయకులవీ కావు. దాదాపు 1000 మంది మామూలు షికాగో వాసులవి!

నేను చూస్తుండగా ఒక పెద్దావిడ ముఖం వచ్చింది. కళ్ల కింద ముడతలు. నెమ్మదిగా రెప్ప వాల్చి, పెదాలు సున్నాలా చుట్టింది. కింద పిల్లలు అప్పటికే గుంపుగా చేరి, చేతులు పట్టుకుని ఒకటే కేకలు. ఆ నోట్లోంచి ధార దబదబా వాళ్ల నెత్తిన పడింది. కాసేపటి క్రితం వరకూ ఒకరికొకరు తెలియని పిల్లలు! మధ్యలో నల్లరాతి నేల మీద పాదం కూడా మునగనంత పల్చగా నీళ్లు. పెద్దలూ చెప్పులు విడిచి దిగారు, నేనూ దిగాను. నా భాష రాని ఒక తాతగారు భుజం తట్టి, ఎదుటి ముఖం వైపు చెయ్యి చూపించారు, ఇప్పుడు దాని వంతని.

మన ట్యాంక్‌బండ్ మీద మహనీయుల విగ్రహాలున్నాయి, ఉండాల్సిందే. వాటితో పాటు పిల్లలు ముట్టుకుని, తడిసి, ఆడుకునే శిల్పం ఊరికొక్కటైనా కావాలని గట్టిగా అనిపిస్తోంది. మీ ఊళ్లో అలాంటిది ఉంటే చెప్పండి, వచ్చి చూస్తాను.