అత్త బైబిల్లో చీటీ

మా మేనత్త ప్రభువు సన్నిధికి వెళ్ళి నెలైంది. తెల్లవారుజామున నాలుగింటికే ముసుగేసుకుని మోకరించేది. బైబిల్లో అన్నిటికన్నా పొడుగైన 119వ కీర్తన, 176 వచనాలూ చూడకుండా చెప్పేది. సెలవులకెళ్ళిన పిల్లలం ఆమేన్ ఎప్పుడంటుందా అని ఇడ్లీల వైపు చూస్తూ కూర్చునేవాళ్ళం. మా భక్తంతా ఆవిడ చేసే అల్లప్పచ్చడి మీదే, ఏం చెయ్యను!

పొలం గొడవల్లో నాన్న ఆమెతో 12 ఏళ్ళు మాట్లాడలేదు. అత్త మాత్రం నేను కనబడితే చాలు, "మీ నాన్న షుగరు మాత్రలు వేసుకుంటున్నాడా అమ్మా?" అనేది.

జ్ఞాపకార్థ కూడిక రోజు వదిన ఆమె బైబిలు తెచ్చింది. లోపల ప్రార్థన చీటీ. పిల్లల పరీక్షలు, పక్కింటావిడ కాన్పు, పాలబ్బాయి కాలు... అన్నిటికంటే పైన 'తమ్ముడు'. నాన్న కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ చదివారు.