ఏడడుగుల కొడుకు

మన ఇళ్ళలో పిల్లవాడు కాస్త చురుకుగా కనిపిస్తే చాలు, మాటల్లోనే వాణ్ణి డాక్టర్ని చేసేస్తాం. వాడి చేతిలో బంతి కనిపిస్తే మాత్రం "ఇది కూడు పెడుతుందటరా?" అంటాం. ఈ ప్రశ్నకు నాకు అమెరికాలో ఒక జవాబు దొరికింది.

మా రెండోవాడి కాపురం డెన్వరులో. కిందటేడు మేమిద్దరం వెళ్ళినప్పుడు మా మనవడు బాస్కెట్‌బాల్ ఆటకు తీసుకువెళ్ళాడు. పైకప్పు కింద జెండాలా వేలాడుతున్న 55వ నంబరు చొక్కాను చూపించి, "అది ముటోంబోది తాతయ్యా! ఆ నంబరు ఇంకెవరికీ ఇవ్వరు" అన్నాడు. ఎవరా మహానుభావుడని తరువాత చదివి తెలుసుకున్నాను.

డికెంబే ముటోంబో 1966లో కాంగో దేశపు రాజధాని కిన్షాసాలో పుట్టాడు. 1987లో స్కాలర్‌షిప్పు మీద వాషింగ్టన్‌లోని జార్జ్‌టౌన్ విశ్వవిద్యాలయానికి వచ్చాడు. దేనికనుకున్నారు? డాక్టరు కావడానికే! ఇంగ్లీషు అంతంత మాత్రం. ఎత్తు మాత్రం ఏడడుగుల రెండంగుళాలు. అంత మనిషి కంటబడితే ఆట నేర్పేవాళ్ళు ఊరుకుంటారా? జాన్ థాంప్సన్ అనే గురువు చేరదీశాడు. వైద్యం వెనకబడింది. భాషాశాస్త్రం, దౌత్యం చదివి పట్టా పుచ్చుకున్నాడు. మొత్తం తొమ్మిది భాషలు మాట్లాడేవాడట.

1991లో డెన్వరు జట్టు ఆయన్ని తీసుకుంది. బుట్టలో బంతి వేయడం కన్న, ఎదుటివాడు వేయబోయే బంతిని గాలిలోనే కొట్టి పడేయడంలో ఆయన దిట్ట. కొట్టి ఊరుకోడు, చూపుడువేలు అటూ ఇటూ ఆడించేవాడు, మడి కట్టుకున్న బామ్మ ముట్టుకోవచ్చిన మనవణ్ణి వారించినట్టు! పద్ధెనిమిదేళ్ళలో ఆరు జట్లకు ఆడి, అడ్డుకోవడంలో ఆ యేటి మేటి అనే బహుమానం నాలుగుసార్లు అందుకున్నాడు. ఛాంపియన్‌షిప్ మాత్రం ఒక్కసారీ దక్కలేదు.

ఆ వేలికి లొంగనిది ఒకటున్నది. 1997లో కిన్షాసాలో తల్లికి జబ్బు చేసింది. అవి అంతర్యుద్ధపు రోజులు. ఆసుపత్రికి చేర్చే దారి లేక ఆమె ఇంట్లోనే కన్నుమూసింది. కోట్లు గడించిన కొడుకుండీ, ఊళ్ళో వీధులు దాటించేవారు లేకపోయారు.

ఇది చెబుతుంటే మా ఆవిడ కొంగుతో కళ్ళొత్తుకున్నది. రెండేళ్ళ క్రితం ఒక అర్ధరాత్రి ఆమెకు గుండెలో నొప్పి వచ్చింది. మా ఊళ్ళో గుండె పరీక్ష చేసే యంత్రం లేక, ఎదురింటివారి కారులో నలభై కిలోమీటర్లు కాకినాడకు పరుగెత్తాం. దారి పొడుగునా మావాడు ఫోనులో "ఎక్కడిదాకా వచ్చారు నాన్నా?" అని అడుగుతూనే ఉన్నాడు. పాపం, అంతకన్న వాడేం చెయ్యగలడు?

ముటోంబో ఏడ్చి ఊరుకోలేదు. తన ఆర్జనలోంచి కోటి డాలర్లకు పైగా పెట్టి, మరికొందరి చేత పెట్టించి, కిన్షాసాలో 300 పడకల ఆసుపత్రి కట్టించాడు. 2007లో అది తలుపులు తెరిచింది. దాని పేరు తల్లి పేరే: బియాంబా మేరీ ముటోంబో. 2024లో, 58వ యేట, మెదడు క్యాన్సరుతో ఆయన పోయాడు. డాక్టరు కాలేకపోయినా, డాక్టర్లకు నీడ కల్పించి వెళ్ళాడు.

మావాడికి అంత ఎత్తూ లేదు, అంత జీతమూ లేదు. వాణ్ణి నేనేమీ అడగలేదు కూడా. మేము తిరిగివచ్చిన నెలకు వాడే ఫోను చేసి, "నాన్నా, మన ఊరి ఆసుపత్రికి ఆ గుండె యంత్రం కొనిస్తే పుచ్చుకుంటారా? నడిపే మనిషిని ఇస్తారా?" అన్నాడు.

రేపు వెళ్ళి కనుక్కుంటానన్నాను.