సొంత కొట్టుకి సెలవెప్పుడు?

“మీకేమండీ, సొంత కొట్టు! ఒకరికి జవాబు చెప్పుకోనక్కర్లేదు” అంటుంటారు మా వీధిలోవాళ్ళు. వినీ వినీ నేనూ నిజమే కాబోలు అనుకున్నాను. మాది తెనాలి. ఇంటి ముందు గదిలోనే కిరాణా కొట్టు. తెల్లవారుజామున అయిదింటికి పాల ప్యాకెట్ల కోసం ఎత్తిన షట్టరు రాత్రి పదింటికి గానీ దిగదు. మావారు అన్నం తినేటప్పుడు కూడా ఓ చెవి కొట్టు మీదే ఉంటుంది.

పోయిన వేసవిలో ఓ సాయంత్రం తలనొప్పంటూ గల్లాపెట్టె మీదే తల వాల్చేశారు. డాక్టరుగారు చూసి, బీపీ బాగా ఎక్కువగా ఉందని మందులు రాస్తూ, “రోజుకి ఎన్ని గంటలు పనిచేస్తారు?” అని అడిగారు. “పనేముందండీ, కూర్చునేదే కదా” అన్నారీయన. నాకు ఒళ్ళు మండింది. కానీ ఎన్ని గంటలో నాకూ తెలియదు!

ఇంటికొచ్చాక ఓ పని చేశాను. పాల లెక్క రాసుకునే గోడ క్యాలెండరు ఉంటుంది కదా, దాని గడుల్లో రోజూ ఆయన పనిగంటలు వేశాను. భోజనం, మధ్యాహ్నం కునుకు తీసేశాను. అయినా వారం తిరిగేసరికి 104 గంటలు తేలాయి!

కార్మికులకి రోజుకి 8, వారానికి 48 గంటల పని అని 1919లోనే వాషింగ్టన్‌లో అంతర్జాతీయ ఒప్పందం రాసుకున్నారు. మావారిది దానికి రెట్టింపు దాటింది. జీతగాడికైతే చట్టం ఉంది. యజమానికి “చాల్లే, ఇక లే” అని ఎవరు చెబుతారు? వారానికి 55 గంటలు, ఆపైన పనిచేసేవాళ్ళకి, 35-40 గంటలు చేసేవాళ్ళకన్నా పక్షవాతం ముప్పు 35 శాతం, గుండెజబ్బుతో పోయే ముప్పు 17 శాతం ఎక్కువని 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి చెప్పాయి. అది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

అదే గడుల్లో ఎర్ర పెన్నుతో నేను కొట్లో కూర్చున్న గంటలూ వేశాను. 31! వంట, గిన్నెలు, బట్టలు అందులో లేవు. అవీ వేస్తే గడి చాలదు. ప్రభుత్వ సర్వేల్లో మనలాంటివాళ్ళని కుటుంబ వ్యాపారంలో జీతం లేని సహాయకులుగా లెక్క వేస్తారట. నన్నెవరడిగినా ఇన్నాళ్ళూ “ఇంట్లోనే ఉంటానండీ” అనే చెప్పాను.

క్యాలెండరు తెచ్చి ఆయన ముందు పెట్టాను. “ఏమండీ, జీతానికి ఓ కుర్రాణ్ణి పెట్టుకుని 104 గంటలు చేయిస్తారా?” అన్నాను. “పాపం, ఎలా చేయిస్తాం?” అన్నారు. “మరి మీరు?” అంటే మాట్లాడలేదు. కాసేపటికి, “మూస్తే గిరాకీ పక్క కొట్టుకి పోతుందే” అన్నారు.

అదీ నిజమే. అందుకని ఇంకో వారం ఏ వేళకి ఎంత అమ్మామో రాసి చూశాం. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా అమ్మకం ఏ రోజూ మూడొందలు దాటలేదు. రాత్రి తొమ్మిది తర్వాత వచ్చేవి చాలావరకు అరువు బేరాలే! ఆ వేళలు మూసేశాం. ఆదివారం మధ్యాహ్నం నుంచి సెలవు. షట్టరు మీద పెద్ద అక్షరాలతో వేళలు రాయించాం.

నష్టం లేదని చెప్పను. రెండిళ్ళవాళ్ళు ఖాతా మానేశారు. మిగతావాళ్ళు మాత్రం నాలుగు రోజులు విసుక్కుని, ఆనక మా వేళలకి అలవాటు పడ్డారు. ఉదయం అయిదింటికి లేవడం ఇంకా తప్పలేదు. కానీ మొన్న ఆదివారం మా అమ్మాయి, “నాన్నా, నువ్వు ఇంట్లోనే ఉన్నావా!” అని ఆశ్చర్యపోయింది. గోడకి అవతలే ఉండే మనిషి కదండీ ఆయన!

మీ ఇంట్లోనూ కొట్టో, కుట్టుపనో, టిఫిన్ బండో ఉంటే ఒక్క వారం క్యాలెండరు గడుల్లో గంటలు వేసి చూడండి. ఎర్ర పెన్ను మాత్రం మరచిపోకండేం!